నడిమి పేరాతో మొదలుపెట్టండి

పదో తరగతి గైడు ఏది తెరిచినా వ్యాసాలన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. ముందు 'ఉపోద్ఘాతం' అని కింద గీత కొట్టిన మాట, తర్వాత 'విషయ విశ్లేషణ', చివర 'ముగింపు'. కాస్త లావు గైడయితే మధ్యలో నిర్వచనం, కారణాలు, నష్టాలు, నివారణోపాయాలు అని మరో నాలుగు శీర్షికలు. పిల్లలు ఈ పేర్లన్నీ కంఠతా పడతారు. వ్యాస నిర్మాణం నేర్పేశామని మనమూ అనుకుంటాం.

ఒక చిన్న పరీక్ష పెట్టి చూద్దాం. బాల కార్మిక వ్యవస్థ మీద ఏ బడిలోనైనా కనబడే పేరా ఇట్లా ఉంటుంది:

"బాల కార్మిక వ్యవస్థ మన సమాజానికి పట్టిన పెద్ద రుగ్మత. నేటి బాలలే రేపటి పౌరులు. అలాంటి బాలలు పనిలో మగ్గిపోవడం చాలా బాధాకరం. పేదరికం, నిరక్షరాస్యత, ప్రజల్లో అవగాహన లేకపోవడం దీనికి ముఖ్య కారణాలు. కావున ప్రభుత్వం, ప్రజలు కలసికట్టుగా దీనిని నివారించాలి."

ఇప్పుడు 'బాల కార్మిక వ్యవస్థ' అన్నచోట 'వరకట్నం' అని పెట్టండి. 'బాలలు పనిలో' అన్నచోట 'ఆడపిల్లలు అత్తింట్లో' అనండి. రెండో వాక్యాన్ని ఏ ఆడపిల్లల చదువు నినాదంతోనో మార్చండి. పేరా చెక్కుచెదరదు. కొద్దిగా సర్దితే మూఢనమ్మకాలకూ సరిపోతుంది, మద్యపానానికీ సరిపోతుంది. అక్షరదోషం ఒక్కటి లేదు, మార్కులు కూడా పడతాయి. కానీ రాసిన పిల్ల ఏ ఊరిదో, ఏం చూసిందో, ఏమనుకుంటున్నదో ఈ ఐదు వాక్యాల్లో ఆనవాలు లేదు. ఈ 'శీర్షిక మార్చి చూడటం' పిల్లల చేత వాళ్ల నోటుబుక్కుల మీదే చేయించండి. మొదట నవ్వుతారు, తర్వాత నోటుబుక్కు కేసి అనుమానంగా చూస్తారు. మనకు కావలసింది ఆ అనుమానమే.

ఈ అధ్యాయం ఇటిక్యాల మండలం పిల్లల్ని మనసులో పెట్టుకొని రాస్తున్నాను. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న నడిగడ్డ అది. అక్కడి పిల్లలకు చెప్పడానికి ఏమీ ఉండదనుకుంటే పొరపాటు. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డప్పుడు వాళ్ల మాటలు వినండి. 87,500 ఎకరాలు తడపాల్సిన ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) కాలువ నీళ్లు చివరి ఊళ్లదాకా ఎందుకు రావో ఒకడు చెప్తుంటాడు. ఇంకొకడు అదేం కాదంటాడు, తన కారణం చెప్తాడు, మేనమామ పొలాన్ని సాక్ష్యంగా తెస్తాడు. ఒక మాట అనడం, దానికి ఆధారం చూపడం, కాదన్నవాడికి జవాబు చెప్పడం. వ్యాసానికి ఇంతకన్నా వేరే నిర్మాణం లేదు. నోటితో ఇంత పని చేసే పిల్లవాడు కాగితం ముందు కూర్చోగానే 'నేటి ఆధునిక యుగంలో' అని ఎందుకు అందుకుంటాడు? ఉపోద్ఘాతం ముందు రాయమని మనం చెప్పాం కనుక. ఏం చెప్పబోతున్నాడో తనకే ఇంకా తెలియనివాడు దేన్ని పరిచయం చేస్తాడు?

అందుకని క్రమం తిరగేద్దాం. నడిమి పేరా ముందు రాయించండి. మొదటి పేరా అన్నిటికన్నా ఆఖర్న.

విషయం చాలదు, ప్రశ్న కావాలి

బోర్డు మీద 'బాల కార్మిక వ్యవస్థ' అని రాసి "రాయండిరా" అంటే పిల్లలు నేరుగా గైడులోకి పోతారు. వాళ్ల తప్పు కాదు. అది విషయం మాత్రమే. విషయంతో ఎవరికీ తగువుండదు, తగువు లేనిచోట చెప్పడానికీ ఏమీ ఉండదు. దాన్ని ప్రశ్నగా మార్చాలి. ఆ ప్రశ్న వాళ్ల ఊరి నేల మీద నిలబడాలి.

'ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మన క్లాసులో బెంచీలు ఎందుకు ఖాళీ అవుతాయి?'

గద్వాల చుట్టుపక్కల ఈ ప్రశ్నను ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. ఇది సీడు పత్తి సీమ. విత్తన కంపెనీల కోసం హైబ్రిడ్ పత్తి గింజ పండించి ఇచ్చే రైతులు, మధ్యలో అడ్వాన్సులిచ్చే ఆర్గనైజర్లు, పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ మొదలైతే ఇంటిల్లిపాదీ చేలల్లోనే. పిల్లల్ని అడగండి, జవాబులు వాటంతటవే వస్తాయి. "క్రాసింగుకు పోతరు సార్." "కూలి ఎక్కువొస్తది సార్." "మాది మా చేనే సార్, కూలి కాదు." ఈ మూడో జవాబు దగ్గర ఆగండి. గైడు రాసినవాడికి తెలియని సంగతి అది. సొంత చేనులో పని చేసే పిల్ల కార్మికురాలా, కాదా? ఇక్కడ క్లాసు రెండుగా చీలుతుంది. చీలనివ్వండి. ఆ పిరియడ్ అంతా మాటలకే పోయినా పరవాలేదు. మనం సాధారణంగా ఈ దశను ఐదు నిమిషాల్లో తేల్చేసి 'ఇక రాయండి' అంటాం. నా లెక్కలో ముప్పావు వంతు వ్యాసం ఇక్కడే తయారవుతుంది.

గొడవ కాస్త సద్దుమణిగాక ఒక్కొక్కరినీ ఒక్క వాక్యం రాయమనండి. ఆ ప్రశ్నకు తన జవాబు, ఊపిరి తిప్పుకోకుండా చదవగలిగినంత. దాన్ని 'మాట' అందాం. అన్ని వాక్యాలూ మాటలు కావు. 'బాల కార్మిక వ్యవస్థ చెడ్డది' పనికిరాదు, కాదనేవాడు ఊళ్లో లేడు గనుక. 'బాల కార్మిక వ్యవస్థకు అనేక కారణాలు ఉన్నాయి' ఇంకా పనికిరాదు, అది జవాబును వాయిదా వేయడం. 'సీడు పత్తి పని వేళలూ బడి వేళలూ ఒకటే కావడం వల్ల సొంత చేను ఉన్న ఇంటి పిల్లలు కూడా బడికి దూరమవుతున్నారు' అని ఒక పిల్ల రాసిందనుకోండి. వెనక బెంచీ నుంచి "వేళల వల్ల కాదు సార్, అప్పుల వల్ల" అని ఎవడో ఒకడు అంటాడు. అన్నాడంటే మాట కుదిరినట్టే. ఆ రెండోవాడి వాక్యం కూడా మంచి మాటే. అతను దాని మీద తన వ్యాసం రాసుకుంటాడు.

నడిమి పేరాలో ఏం వేయాలి

ఇప్పుడా పిల్ల తన మాటకు ఒక్క పేరా రాయాలి. పైన ఏమీ లేదు, కింద ఏమీ లేదు. మూడే అడుగులు చెప్పండి: ఏమంటున్నావు, ఎట్లా తెలుసు, అయితే ఏమిటి. ఈ మూడింటిలో పిల్లలు ఎగ్గొట్టేది రెండోదాన్ని. 'పత్తి పని చాలా కష్టమైనది, అందుకే పిల్లలు బడి మానేస్తున్నారు' అని రాసి పెన్ను పక్కన పెట్టేస్తారు. కష్టమంటే ఏం కష్టం? ఏ వేళకు? చేత్తో ఏం చేయాలి? చేనుకు ఎన్నడూ పోని వాడికి చెప్తున్నట్టు చెప్పమనండి. ఈ ఒక్క షరతు పెట్టగానే పేరా మారిపోతుంది. తిరగరాస్తే ఇట్లా రావచ్చు:

"సీడు పత్తిలో పని రెండు పూటలది. మధ్యాహ్నం దాటాక ఆడ సాళ్లలో మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలను వెతికి, వాటి రేకులు, కేసరాలు ఒలిచేయాలి. లోపలి కాడ విరగకూడదు. తెల్లారి మగ సాళ్ల పూలు కోసుకొచ్చి, ఒలిచిన ప్రతి మొగ్గకూ పుప్పొడి అద్దాలి. ఎండ ముదిరితే పుప్పొడి పనిచేయదు కాబట్టి ఈ పని మధ్యాహ్నంలోపే కావాలి. బడి గంట తొమ్మిదిన్నరకు కొడతారు. చేనులో పని జోరుగా ఉండేదీ అప్పుడే. ఒక్కరోజు ఆగితే ఆ రోజు మొగ్గ పోయినట్టే. ఆదివారం చేద్దామంటే కుదరదు. అందుకే మనిషి దొరకని ఇంట్లో మొదట బడి మానేది పిల్లలే."

ఈ పేరాలో 'చాలా' అన్న మాట లేదు. 'బాధాకరం' లేదు. పని ఎట్లా ఉంటుందో చూపించాక కష్టమని వేరే చెప్పాల్సిన అవసరం రాలేదు. 'ఆదివారం చేద్దామంటే కుదరదు' అన్న వాక్యం చూడండి. చదివేవాడికి వచ్చే సందేహం ముందే పసిగట్టి జవాబిచ్చింది. ఇది శీర్షిక మార్చే పరీక్షకు లొంగదు. 'వరకట్నం' అని పెడితే ఒక్క వాక్యం కూడా నిలబడదు.

పిల్లలందరూ ఒక్కసారే ఇట్లా రాయరు. మొదటిసారి మొగ్గ ఒలవడం గురించి ఒక్క వాక్యమే వస్తుంది. "ఎట్లా ఒలుస్తరమ్మా, చేత్తో చూపియ్" అనండి. గోరుతో గాల్లో చేసి చూపిస్తుంది. "ఇప్పుడు చేసింది రాయి" అనండి. రాయడం నేర్పడమంటే చాలాసార్లు ఇంతే, పక్కన నిలబడి ఇంకొకటి అడగడం.

ఆధారం ఎక్కడ దొరుకుతుంది

ఆధారమంటే పత్రికల్లో వచ్చే లెక్కలే అనుకుంటారు పిల్లలు. లెక్కలు దొరక్కపోతే కల్పిస్తారు కూడా. 'దేశంలో 70 శాతం మంది' అని ధీమాగా రాసేస్తారు. ఈ అలవాటును మొదట్లోనే తుంచాలి. వాళ్ల చేతికందే ఆధారాలు నాలుగు రకాలు: చూసింది, విన్నది, చదివింది, లెక్కపెట్టింది. పైన పేరా అంతా చూసింది. విన్నదంటే ఇంట్లో పెద్దల మాట. దాన్ని ఎవరన్నారో చెప్పి, వాళ్ల మాటల్లోనే రాయాలి. లెక్కపెట్టిందంటే హాజరు పట్టీ. జూలైలో ఎంతమంది వచ్చారు, సెప్టెంబరులో ఎంతమంది, పేర్లు లేకుండా అంకెలు మాత్రం టీచరే బోర్డు మీద వేయవచ్చు. తమ క్లాసు అంకె తామే లెక్కగట్టిన పిల్లలు మళ్లీ 70 శాతం జోలికి పోరు.

ఆధారం సంగతి వస్తే ఈ నడిగడ్డ పిల్లలకు చెప్పడానికి ఇంటి మనిషే ఉన్నాడు. సురవరం ప్రతాపరెడ్డి 1896లో గద్వాల సంస్థానంలో పుట్టాడు, స్వగ్రామం ఆలంపూర్ వైపున్న ఇటిక్యాలపాడు. పేర్లు దగ్గరగా ఉన్నాయి గానీ ఇటిక్యాల వేరు, ఇటిక్యాలపాడు వేరు. ఇటిక్యాల పిల్లలు మా ఊరాయనే అని ఎగిరి గంతేస్తే కాస్త ఆపండి, అది కూడా ఆధారం చూసుకోవాల్సిన విషయమే. 1926లో హైదరాబాదు నుంచి గోలకొండ పత్రిక మొదలుపెట్టి, సంపాదకీయాల దగ్గర్నుంచి మారుపేర్లతో రాసిన వ్యాసాల దాకా తానే నింపిన రోజులున్నాయి. నిజాం రాజ్యంలో తెలుగు కవులు శూన్యమని ఒక పండితుడు తేల్చేసినప్పుడు ఆయన ఏం చేశాడో పిల్లలకు చెప్పండి. కోపంగా నాలుగు సంపాదకీయాలు రాసి ఊరుకోవచ్చు. ఆయన ఊరూరి నుంచీ కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశాడు. ఆ పండితుడి మాట అక్కడితో పడిపోయింది. గొంతు పెంచాల్సిన పనే రాలేదు.

1949లో వచ్చిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఇంకా పనికొచ్చే ఉదాహరణ. రాజుల యుద్ధాలు వదిలి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు, ఏ పండుగలు చేసుకున్నారు అని అడిగిన పుస్తకం. దాని వెనకున్న ప్రశ్న ఒక్కటే, జవాబులు తూర్పు చాళుక్యుల కాలం నుంచి ఒక్కో యుగానికీ ఒక్కో ప్రకరణంగా నడుస్తాయి. కావ్యాల్లో కవులు పక్కదారిలో చెప్పిన వంటలూ బట్టలూ ఆయనకు సాక్ష్యాలు. ప్రతి ప్రకరణం చివరా దేని మీద ఆధారపడ్డాడో చెప్పి, ఆ గ్రంథం ఎంతవరకు అక్కరకొచ్చిందో కూడా తన అభిప్రాయం రాశాడు. తెలుగులో కేంద్ర సాహిత్య అకాడమీ మొదటి పురస్కారం 1955లో దానికే వచ్చింది, అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. పదో తరగతి పిల్ల అంత చేయనక్కర్లేదు. వ్యాసం కింద 'మా అవ్వ చెప్పింది, హాజరు పట్టీ చూశాను' అని ఒక వరుస రాసినా అదే దారి.

కాదన్నవాడికి ఒక పేరా ఇవ్వండి

మన సిలబస్‌లో నినాదాలున్నాయి, కరపత్రముంది, వ్యాసముంది. మూడింటినీ పిల్లలు ఒకే గొంతుతో రాస్తారు. తేడా చెప్పడానికి నాకు తోచిన తేలిక మార్గం ఇది. నినాదానికి ఎదుటివాడితో పని లేదు. కరపత్రం ఎదుటివాణ్ణి పిలుస్తుంది. వ్యాసం ఎదుటివాడు చెప్పేది కూడా వినాలి.

కాబట్టి రెండో నడిమి పేరా కాదన్నవాడిది. సీడు పత్తి వ్యాసంలో ఆ కాదన్నవాడు చాలాసార్లు ఇంట్లోనే ఉంటాడు. "ఈ రెండు నెల్లు పిల్లలు చేన్లకు రాకుంటే అడ్వాన్సు ఎట్ల తీరుతది సారూ" అనే నాన్న. ఆ మాటను పిల్ల తన వ్యాసంలో నిజాయితీగా రాయగలగాలి. నాన్నను చెడ్డవాణ్ణి చేయకూడదు, అట్లాగని ఆయన మాటతో ఆగిపోనూ కూడదు. పదిహేనేళ్ల పిల్లలకు ఇది నిజంగా కష్టమైన పని. నా అనుభవంలో పిల్లలు తడబడేది ఇక్కడే, రాతలో ఎదిగేదీ ఇక్కడే. గైడు వ్యాసంలో 'పేదరికం' అన్న ఒక్క మాటతో దాటేసిన సంగతికి ఇక్కడ ఒక ముఖం వస్తుంది.

చదివింది ఉపయోగపడేదీ ఈ పేరాలోనే. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించింది, కానీ బడి వేళల తర్వాతా సెలవుల్లోనూ సొంత కుటుంబం పనిలో సాయపడటానికి వీలిచ్చింది. 'మాది మా చేనే సార్' అన్న వాదానికి చట్టం సగం అండగా నిలిచినట్టు కనబడుతుంది. పువ్వుకు పుప్పొడి అద్దేది బడి వేళలోనే అని మొదటి పేరా ముందే తేల్చింది కాబట్టి ఆ సగం అండ కూడా జారిపోతుంది. చూశారా, రెండు పేరాలు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. మరోవైపు శాంతా సిన్హా ఉన్నారు. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ ద్వారా పనుల్లో ఉన్న పిల్లల్ని బడికి తెచ్చి 2003లో మెగసెసే అవార్డు అందుకున్నారు. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికురాలే అన్నది వాళ్ల వాదం, కూలి అయినా సొంత చేనైనా. క్లాసులో ఎవరు ఏ వైపు నిలబడతారన్నది వాళ్ల ఇష్టం. టీచరు తన వైపు లాగకూడదు.

చీటీలు

పేరాలు రెండు మూడు తయారయ్యాక ఏది ముందు, ఏది వెనక? దీనికి పాత పద్ధతే మేలు. పేరా ఒక చీటీ మీద, పేరా ఒక చీటీ మీద. బెంచీ మీద పరిచి పక్కవాడికి చదవమనండి. ఒక చీటీ చదవగానే పక్కవాడికి ఏ ప్రశ్న వస్తుందో, దానికి జవాబున్న చీటీ తర్వాత రావాలి. ఏ ప్రశ్నకూ జవాబు కాని చీటీ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాలి. పిల్లలకు ఇది ఏడుపొచ్చే పని. 'ఇంత కష్టపడి రాసిన' అంటారు. పారేయొద్దు, నోటుబుక్కు వెనక అంటించుకోమనండి.

ఇక్కడే 'అంతేకాకుండా' సంగతి చెప్పాలి. పేరాకూ పేరాకూ నడుమ పిల్లలు వాడే మాట అదొక్కటే, అదీ కుప్పలు తెప్పలుగా. రెండు సంగతుల మధ్య ఏ సంబంధమూ ఆలోచించనప్పుడు వచ్చే మాట అది. దాన్ని ఒక నెలపాటు నిషేధించండి. 'అందుకే', 'అయినా', 'అట్లాగని', 'కానీ' వీటిలో ఏది కుదురుతుందో తేల్చుకోవాల్సి వస్తే, సంబంధం ఏమిటో కూడా తేల్చుకోక తప్పదు.

తల, తోక

ఇప్పుడు మొదటి పేరా. ఏం చెప్పామో చేతిలో ఉంది కాబట్టి రెండు మూడు వాక్యాలు చాలు. మొదటి వాక్యం ప్రశ్నను పుట్టించాలి, చివరిది మాటను చెప్పాలి. 'మా క్లాసులో జూలైలో నిండుగా ఉన్న బెంచీలు సెప్టెంబరుకు సగం ఖాళీ అవుతాయి. అందరూ పేదవాళ్ల పిల్లలే కాదు, సొంత చేలు ఉన్నవాళ్లు కూడా.' ఆ వెంటనే సీడు పత్తి వేళల గురించి ఆ పిల్ల రాసుకున్న మాట. అయిపోయింది. సామెతతోనో మహాత్ముడి సూక్తితోనో మొదలుపెట్టాలన్న నియమం ఎక్కడా లేదు. గాంధీజీ అనని మాటలు గాంధీజీ పేరున ఎన్ని నోటుబుక్కుల్లో ఉన్నాయో!

చివరి పేరాలో 'కావున ప్రతి ఒక్కరూ' అన్న మాట కనబడితే ఎర్ర సిరాతో చుట్టండి. ప్రతి ఒక్కరూ అంటే ఎవరూ కాదు. ఎవరు, ఎప్పుడు, ఏం చేస్తే ఏమవుతుందో ఒక్కటి రాయమనండి. క్రాసింగ్ నెలల్లో పొద్దుటి పాఠాలను సాయంత్రం మళ్లీ చెప్పించవచ్చునా? అడ్వాన్సు ఇచ్చే ఆర్గనైజరు, బడి వయసు పిల్లల్ని చేలోకి పంపనని రైతుతో రాయించుకుంటే ఆగుతుందా, లేక అది కాగితం మీదే ఉంటుందా? సందేహంగా ముగిసినా తప్పు లేదు. తేలని విషయం తేలినట్టు రాయడం కన్నా నయం.

ఏ భాషలో

మొదటి చిత్తుప్రతి ఇంటి భాషలో రాయనివ్వండి. రాయచూరు వైపు సంబంధాలున్న ఇళ్లలో కన్నడం కూడా దొర్లుతుంది, దొర్లనివ్వండి. గ్రాంథికం వెతుక్కుంటూ కూర్చుంటే ఆలోచన ఆగిపోతుంది. సాపు ప్రతి రాసేటప్పుడు పాఠ్యపుస్తకం భాషకు దగ్గరగా తెచ్చుకుంటారు, పెద్దల మాటలు మాత్రం వాళ్లన్నట్టే ఉంచుతారు. పదో తరగతి వాచకంలో సామల సదాశివ పాఠం 'ఎవరి భాష వాళ్లకు వినసొంపు' ఉండనే ఉంది. ఆ పాఠం చెప్పిన రోజే ఈ పని పెట్టుకుంటే వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

దిద్దడం, పరీక్ష

"ఇదంతా బాగానే ఉంది, అరవై నోటుబుక్కులు ఎవరు దిద్దుతారు?" అని అడుగుతారు మీరు. అన్నీ దిద్దకండి. ఒక్కో వారం ఒక్కటే చూడండి. ఈ వారం మాట కుదిరిందా అన్నది, వచ్చే వారం 'ఎట్లా తెలుసు'కు జవాబు ఉందా అన్నది. అక్షరదోషాలు సాపు ప్రతిలోనే. ప్రతి వాక్యం కిందా ఎర్ర గీతలు చూసిన పిల్ల తర్వాతి వ్యాసంలో తప్పులు తగ్గించుకునే ఉపాయం ఒక్కటే కనిపెడుతుంది, తక్కువ రాయడం.

పరీక్షలో ఇంత సమయం ఉండదన్నదీ నిజమే. పన్నెండు వాక్యాల జవాబులో చీటీలు పరచలేం. అక్కడ కూడా మొదటి రెండు నిమిషాలు ప్రశ్నపత్రం అంచున మాట ఒక్కటి రాసుకుని, దాని కింద రెండు ఆధారాలు, ఒక 'కానీ' గుర్తుపెట్టుకోమనండి. మొదటి పేరాకు రెండు వాక్యాలు, ఆధారాలకు ఆరు, కాదన్నవాడికి రెండు, చివరకు రెండు. దిద్దేవారి సౌకర్యం కోసం పక్కన ఉపశీర్షికలు పెట్టాలనుకుంటే పెట్టుకోనివ్వండి, అందులో నష్టం లేదు. అమెరికా బళ్లలో ఐదు పేరాల వ్యాసమని ఇట్లాంటి చట్రమే ఒకటి ఉంది. పరిచయం, మూడు పేరాల ఆధారం, ముగింపు. అక్కడి ఉపాధ్యాయుల్లో దాన్ని మెచ్చుకునేవాళ్లు, తిట్టేవాళ్లు ఇద్దరూ ఉన్నారు. కొత్తగా రాసేవాడికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కనుక నేను మెచ్చుకునేవాళ్ల వైపు. కానీ ఇంటర్‌కు వచ్చాక కూడా అదే పట్టుకుని వేలాడితే, అప్పుడు తిట్టేవాళ్ల వైపు.

సీడు పత్తి అందరికీ పట్టకపోవచ్చు. ఇంకొన్ని ప్రశ్నలు ఇస్తున్నాను, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి. తుంగభద్ర నిండుగా పారిన ఏడాది కూడా ఆర్డీఎస్ చివరి ఊళ్లలో బోర్లు ఎందుకు వేస్తారు? గద్వాల చీర నేసే ఇంటి పిల్లలు మగ్గం నేర్చుకోవాలా, అక్కర్లేదా? 2009 అక్టోబరులో ఆలంపూర్‌ను ముంచిన వరద గురించి మీ ఇంట్లో పెద్దలు చెప్పేదీ పత్రికలు రాసిందీ ఎక్కడ తేడా వస్తుంది? జాతీయ రహదారి మా ఊరికి ఏమిచ్చింది, ఏం తీసుకుపోయింది? శ్రీశైలం జలాశయంలో మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి తెచ్చి ఆలంపూర్‌లో మళ్లీ కట్టారు. గుడిని తరలించినంత శ్రద్ధగా, అదే జలాశయం కింద ఊళ్లు పోగొట్టుకున్న మనుషులను తరలించారా? ఈ చివరిదానికి పిల్లలు ఆధారాలు వెతుక్కోవాలి, ముసలివాళ్ల దగ్గర కూర్చోవాలి. దీనికి మాత్రం రెండు వారాలు గడువివ్వండి.